నవధాన్యాల సంచి నుంచి నీమాస్త్రం డబ్బా దాకా: ఒక ప్రకృతి సేద్యం దుకాణంతో మూడు ఖరీఫ్‌లు

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఎరువులు, పురుగుమందుల దుకాణాలు వరుసగా ఉంటాయి. వాటి వెనుక వీధిలో, ఒకప్పుడు వేరుశనగ మండీగా వాడిన రేకుల షెడ్డులో, మహిళా సంఘం సభ్యులు నడిపే ప్రకృతి సేద్యం దుకాణం ఒకటి ఉంది. నవధాన్యాల విత్తన సంచులు, ఘనజీవామృతం అనే ఎండు ఎరువు, రకరకాల కషాయాలు, పురుగులను పట్టే జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు అక్కడ దొరుకుతాయి. అధికారుల కాగితాల్లో ఇలాంటి వాటిని ఎన్‌పీఎం షాపులు అంటారు, అంటే రసాయన పురుగుమందుల జోలికి పోకుండా పైరును కాపాడుకోవడానికి కావలసినవి అమ్మే చోటు. 2022 వేసవి నుంచి మూడు ఖరీఫ్‌ల పాటు నేను ఇక్కడ సరుకు కొన్నాను. ఆ మూడేళ్ళలో ఒకటి అతివృష్టి, ఒకటి కరువు, ఒకటి మధ్యరకం కావడంతో ఏ సరుకు ఎప్పుడు అక్కరకు వచ్చిందో, ఏది రాలేదో చెప్పగలననిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నా కొలబద్ద ఏమిటో చెప్పాలి. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు నాకు నాలుగెకరాల ఎర్ర నేల ఉంది. జానెడు మట్టి కింద గరుసు తగులుతుంది, బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అది కూడా అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. అయినా ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 20 లక్షల ఎకరాల దాకా వేరుశనగే వేశాం. విత్తనం, దుక్కి, ఎరువు, కూలి అన్నీ కలిపి జూలై నెలాఖరుకు ఎకరాకు పెట్టుబడిలో ముప్పాతిక వంతు మట్టిలోకి పోతుంది, ఆ తర్వాత ఆగస్టు నుంచి నలభై రోజులు ఆకాశం కేసి చూడటం తప్ప చేయగలిగింది ఉండదు. అందుకే ఒక సరుకు మంచిదా కాదా అని అడిగినప్పుడు అది ఎన్ని బస్తాలు ఎక్కువ పండించిందని నేను చూడను. వాన ముఖం చాటేస్తే నేను ఎంత పోగొట్టుకుంటాను, పైమట్టి ఎంత కొట్టుకుపోతుంది అన్న రెండు ప్రశ్నలకు ఆ సరుకు ఏం జవాబు చెబుతుందో చూస్తాను. దిగుబడి లెక్కతో మాత్రమే సరుకును తూచేవారికి నా అభిప్రాయం అంతగా ఉపయోగపడకపోవచ్చు.

ఈ దుకాణంలో అన్నిటికంటే విలువైన సరుకు నవధాన్యాల సంచి. పేరుకు తొమ్మిది ధాన్యాలైనా, మొదటి ఏడాది నేను చాప మీద పోసి వేరుచేసి చూస్తే పద్దెనిమిది రకాల గింజలు తేలాయి. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అలసంద, అనుము, ఉలవ, ఆముదం, నువ్వు, గోగు, జనుము, పిల్లిపెసర, ధనియాలు, ఇంకా నాలుగు రకాల కూరగాయల విత్తనాలు. ఎకరాకు ఒక సంచి, సుమారు 12 కిలోలు, వెయ్యి రూపాయల లోపు. దీన్ని తొలకరి దాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లోనే పొడి నేలలో చల్లుతారు. ముందస్తు పొడి విత్తనం అన్నది దీని పూర్తి పేరు, మా ఊళ్ళో అందరూ ఇంగ్లీషు పొట్టి పేరుతో పీఎండీఎస్ అనే అంటారు. జూన్ దాకా బోసిగా పడి ఉండే నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉంటే ఎండకు మట్టి మాడదు, తొలి వానకు పైమట్టి కొట్టుకుపోదు, పప్పు జాతి మొక్కల వేర్లు నత్రజనిని పట్టి పెడతాయి, నలభై యాభై రోజులకు పశువులకు మేత వస్తుంది, మిగిలినదాన్ని అక్కడే పడగొట్టి ఆచ్ఛాదనగా వదిలి అసలు పంట వేసుకోవచ్చు. ఇదీ దీని వెనుక ఉన్న ఆలోచన.

మా తాతల కాలంలో వేరుశనగ ఈ నేలలను మింగేయక ముందు కొర్ర, కంది, జొన్న, ఆముదం కలిపి వేసే పద్ధతికి ఇది దూరపు బంధువని ఎవరికైనా తెలుస్తుంది. కొత్తదనం ఉన్నది విత్తే వేళలో. పొడి దుమ్ములో గింజ వేయడమంటే చీమలకు, పిట్టలకు విందు పెట్టడమే కదా అని నేను మొదట వెనకాడాను. దుకాణంలో గింజలకు చెరువు మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి, విత్తనశుద్ధికి వాడే బీజామృతంతో తడిపి, గుళికలుగా చుట్టి ఇస్తారు. దానికి వేరే కూలి తీసుకుంటారు, అది ఇవ్వదగిన కూలి. మన్ను పూత ఉన్నందువల్ల ఒక చిన్న జల్లుకే గింజ మొలకెత్తి ఎండిపోదు, చీమలూ అంత సులువుగా మోసుకుపోలేవు. దుకాణంలో సలహా చెప్పే అమ్మాయిది పక్క ఊరే, సొంతంగా రెండెకరాలు ఇదే పద్ధతిలో సాగు చేస్తోంది. "వాన పడకుంటే గింజ పండుకొని ఉంటుందన్నా, మీరు మాత్రం ఊరికే ఉండలేక గుంటక తోలి దాన్ని లేపొద్దండి" అని ఆమె చెప్పిన మాటను నేను మొదటి ఏడాది పాటించలేదు. దాని ఫలితం ఒక మూల ఖాళీ మడి రూపంలో కనబడింది.

ఈ సంచి విషయంలో నా ఫిర్యాదు కూడా చిన్నదేమీ కాదు. రెండో ఏడాది ఇచ్చిన గింజల్లో అలసంద, అనుము పాతవి. సంచి మీద ఎప్పుడు నింపారో తేదీ లేదు, మొలక శాతం లేదు, ఎక్కడ సేకరించారో లేదు. విత్తిన తర్వాత వాన వచ్చినా ఆ రెండూ నాలుగో వంతు కూడా మొలవలేదు. అడిగితే వాళ్ళు తప్పు ఒప్పుకుని మరో సంచి ఇచ్చారు కాని, అప్పటికి అదను దాటిపోయింది. అప్పటి నుంచి నేను ఏ సంచి తెచ్చినా ప్రతి ముఖ్యమైన రకంలో నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి నాలుగైదు రోజులు నీడలో ఉంచుతున్నాను. డెబ్బైకి తక్కువ మొలిస్తే వెనక్కి తీసుకువెళుతున్నాను. కొనేవారు ఈ పని ఏప్రిల్ మొదటి వారంలోనే చేసుకోవాలి, గుళికలు చుట్టించిన తర్వాత పరీక్షించి ప్రయోజనం లేదు.

ఇక మూడేళ్ళ అనుభవం. 2022లో ఒక ఎకరాలో మాత్రమే నవధాన్యాలు వేసి, జూలై మధ్యలో వాటిని కోసి, మిగిలిన మోడును పడగొట్టి వేరుశనగ విత్తాను. పక్క మడిలో ఎప్పటిలాగే దుక్కి దున్ని, డీఏపీ ఎరువు వేసి, కదిరి-6 రకం వేరుశనగ విత్తాను. ఆ ఏడాది వానలకు లోటు లేదు, అక్టోబరులో అనంతపురం పట్టణపు కాలనీలు మునిగిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. నవధాన్యాలు వేసిన ఎకరాలో వేరుశనగ దిగుబడి పక్క మడి కంటే ఒకటిన్నర బస్తా తక్కువే వచ్చింది. కలుపు కూలి మాత్రం ఎక్కువైంది, ఎందుకంటే పడగొట్టిన చెత్త మధ్య గుంటక తోలడానికి వీలు కాలేదు. వానలు బాగా పడే ఏడాదిలో, ఎరువు కొనగలిగిన రైతుకు, ఈ పద్ధతి ఆ ఒక్క ఏడాది లెక్కలో లాభం చూపదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. అయితే భారీ వానల తర్వాత గట్టు దగ్గర చూస్తే పక్క మడి నుంచి ఎర్రటి ఒండ్రు వంకలోకి చారలు కట్టి పోయింది, ఈ మడి నుంచి పోయిన నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒకసారి పోయిన పైమట్టిని ఏ దుకాణంలోనూ కొనలేం కనుక, ఆ ఒకటిన్నర బస్తాను నేను పూర్తి నష్టంగా రాసుకోలేదు.

2023 అసలు పరీక్ష పెట్టింది. మే నెలలో రెండు మంచి జల్లులు పడి నవధాన్యాలు మొలిచాయి, జూన్‌లో వాన మొండికేసింది. పెసర, నువ్వు, కొర్ర ఎండిపోయాయి. సజ్జ, ఉలవ, కంది, ఆముదం తట్టుకుని నిలబడ్డాయి. ఒకే పంట వేసిన చోట ఎండు తగిలితే మొత్తం పోతుంది, పద్దెనిమిది రకాలు వేసిన చోట ఏవి పోవాలో, ఏవి నిలవాలో ఆ ఏటి ఎండే నిర్ణయిస్తుంది. జూలై నెలాఖరులో వచ్చిన వానకు ఆ మధ్యలోనే వేరుశనగ వేశాను, కంది, ఆముదం ఉన్న సాళ్ళను కదపలేదు. తర్వాత వచ్చిన ఆగస్టు సంగతి తెలిసిందే, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్న కాలంలో అంత పొడి ఆగస్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఖరీఫ్‌కు 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఆచ్ఛాదన ఉన్న మడిలో వేరుశనగ పక్క మడి కంటే ఐదారు రోజులు ఆలస్యంగా వాడింది, అంతే. చివరకు రెండు చోట్లా ఊడలు దిగే వేళకు తేమ లేక కాయ పట్టలేదు. మల్చింగ్ చేస్తే కరువు తాకదని చెప్పే వీడియోలు చూసి ఎవరైనా దీన్ని నమ్ముకుంటే మోసపోతారు. పచ్చి నిజం ఏమిటంటే నీళ్ళు లేని చోట ఏ పద్ధతీ నీళ్ళను సృష్టించదు.

కాని డబ్బు లెక్క వేరే కథ చెప్పింది. పక్క మడిలో ఎకరాకు 20,000 రూపాయల పైచిలుకు పోయింది, పశువులకు వేసే వేరుశనగ కట్టె తప్ప తిరిగి వచ్చింది లేదు. నవధాన్యాల మడిలో దుక్కి ఒక్కసారే, ఎరువు కొనలేదు, పురుగుమందు కొనలేదు, వేరుశనగ విత్తనం కూడా సాళ్ళు తగ్గడం వల్ల మూడింట రెండు వంతులే పట్టింది. పెట్టిన పెట్టుబడి పక్క మడిలో సగానికి కొంచెం ఎక్కువ. జూన్‌లో కోసిన సజ్జ, ఉలవ మేత రెండు ఆవులకు నెలకు పైగా సరిపోయింది, ఆ ఏడాది వేసవి చివర్లో మా ఊళ్ళో ఎండుగడ్డి ధర తెలిసినవారికి దాని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. సెప్టెంబరు ఆఖరులో పడిన జల్లులకు కంది పూత పట్టింది, సంక్రాంతి నాటికి ఇంటికి సరిపడా కందులు, అమ్ముకునేంత ఆముదాలు వచ్చాయి. మొత్తం మీద నష్టమే వచ్చింది. అయితే ఆ నష్టం నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పూడ్చుకోవలసినంతది కాదు. మిగతా మూడెకరాల నష్టానికి మాత్రం అప్పు తేక తప్పలేదు.

ఈ కారణంగా 2024లో మూడెకరాలకు సంచులు తీసుకున్నాను. ఆ ఏడాది గురించి పెద్దగా చెప్పడానికి లేదు, వాన అటూ ఇటూగా పడింది, దిగుబడి పక్కవాళ్ళతో దాదాపు సమానంగా ఉంది, పెట్టుబడి తక్కువ కనుక చేతిలో మిగిలింది ఎక్కువ. అప్పుడు నన్ను ఏడిపించింది పశువులు. మే, జూన్ నెలల్లో ఊరంతా ఎర్రగా ఉన్నప్పుడు నా పొలం ఒక్కటే పచ్చగా కనబడితే గొర్రెల మందలు అటే వస్తాయి. కోతల తర్వాత బీళ్ళలో మందలు మేయడం మా వైపు తరతరాల ఆచారం, కాపరిని తిట్టి లాభం లేదు. రాత్రి అడవిపందులు, ఉరవకొండ వైపు నల్లరేగడి పొలాలవాళ్ళకైతే జింకల మందలు. నవధాన్యాలు ఒక్కరే వేస్తే కాపలా ఖర్చు సంచి ఖర్చును మించిపోతుంది. పక్కపక్క పొలాల వాళ్ళు పది మంది కలిసి వేసినప్పుడే ఇది గిట్టుబాటవుతుంది. ఈ మాట దుకాణంవాళ్ళు ముందుగా ఎవరికీ చెప్పరు, చెప్పవలసిన మొదటి మాట అదే.

ఘనజీవామృతం గురించి. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పు పిండి, గట్టు మట్టి కలిపి, నీడలో మాగబెట్టి ఆరబెట్టిన ఎరువు ఇది. ఎకరాకు 400 కిలోలు వేయమన్నారు, నేను ఏ ఏడాదీ అంత వేయలేదు. పశువులు లేని ఇంటికి దీన్ని కొనడం తప్ప మార్గం లేదు, ఆ మేరకు దుకాణం మేలు చేస్తోంది. నాణ్యత బస్తాకొక తీరుగా ఉంటుంది. బాగా ఆరిన బస్తా చేతిలో నలిపితే పొడిపొడిగా రాలుతుంది, మట్టి వాసన వేస్తుంది. మరికొన్ని బస్తాలు తడిగా ఉండి ముద్ద కడతాయి, అవి కొంటే నీళ్ళకు డబ్బు కట్టినట్టే, పైగా బండి బాడుగ కూడా ఆ నీళ్ళకే. విప్పి చూడకుండా ఏ బస్తానూ ఎత్తించుకోవద్దు. ఇంట్లో ఒక్క ఆవు ఉన్నా సొంతంగా చేసుకోవడమే తెలివైన పని.

ద్రవ రూపంలో ఉన్న సరుకు దగ్గర నేను దుకాణంతో పూర్తిగా విభేదిస్తాను. ద్రవజీవామృతం తయారీ మా ఊళ్ళో ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, దోసెడు మట్టి వేసి, నీడలో ఉంచి, పొద్దునా సాయంత్రం కలియబెడితే రెండు రోజులకు సిద్ధమవుతుంది, ఒక ఎకరాకు సరిపోతుంది. అది పులిసే పదార్థం, సూక్ష్మజీవులు బతికి ఉన్నప్పుడే దానికి విలువ, వారం పది రోజులు దాటితే పస తగ్గిపోతుంది. అలాంటిదాన్ని డబ్బాల్లో నింపి, తయారుచేసిన తేదీ వేయకుండా అమ్మడం సరైన వ్యాపారం కాదు. నేను ఒకసారి తెచ్చిన డబ్బా మూత తీస్తే వచ్చిన కుళ్ళు వాసనకు దాన్ని చేలో పోయాలా, వంకలో పారబోయాలా అని తేల్చుకోలేకపోయాను.

కషాయాల్లో వేపాకుతో చేసే నీమాస్త్రం కొంత మెరుగు, నిలవ ఉంటుంది, ఆకుముడత తొలి దశలో, లద్దెపురుగు పిల్ల దశలో పనిచేసింది. ముదిరిన పురుగు మీద అది చూపిన ప్రభావం నాకు కనబడలేదు. దానికంటే ఐదు శాతం వేపగింజల కషాయం, అంటే 5 కిలోల గింజల పొడిని నీళ్ళలో నానబెట్టి వడకట్టి 100 లీటర్లకు కలుపుకోవడం, ఖచ్చితంగా తేలికైన పని. జూన్, జూలైలలో వేపచెట్ల కింద రాలిన పళ్ళు ఏరిస్తే గింజల ఖర్చు ఏరిన కూలి మాత్రమే. అగ్నిఅస్త్రం విషయంలో ఒక హెచ్చరిక ఉంది. అందులో పొగాకు ఉంటుంది, పొగాకులోని నికోటిన్ విషమే. ప్రకృతి సేద్యం సరుకు కదా అని ముఖానికి గుడ్డ కూడా కట్టుకోకుండా పిచికారీ చేసి తలతిప్పుడుతో కూలబడిన మనిషిని నేను చూశాను. దుకాణంలో ఆ డబ్బా మీద జాగ్రత్తల చీటీ అంటించి ఇవ్వాలి, మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

చిన్న సరుకుల్లో ఒకటి మాత్రం అందరూ కొనాలని పట్టుబట్టి చెబుతాను. అది జొన్న, సజ్జ గింజలు కలిపిన గట్టు పంట ప్యాకెట్. దాని ధర ఎకరాకు ఒక టీ, బన్ను ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని విలువ అర్థం కావాలంటే 2000 ఖరీఫ్‌ను గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది మా జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకి, 300 కోట్ల రూపాయలకు మించిన నష్టం జరిగింది. తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని, అది బీళ్ళలో, బాటల పక్కన పెరిగే వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ కనబడకుండా దాగి ఉంటుందని, ఆ మొక్క పుప్పొడిని ఒంటికి అంటించుకున్న తామర పురుగులు గాలివాటున వచ్చి వేరుశనగ ఆకును గీకినప్పుడు ఆ గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుందని శాస్త్రవేత్తలు తేల్చారు. వైరస్‌కు మందు లేదు, సోకిన తర్వాత ఏది కొట్టినా దుకాణదారుకు లాభం తప్ప పైరుకు లేదు. చేను చుట్టూ నాలుగు నుంచి ఎనిమిది సాళ్ళ జొన్న గాని సజ్జ గాని దట్టంగా వేస్తే, ఆ పంట వేరుశనగ కంటే త్వరగా ఎత్తు పెరిగి, గాలితో వచ్చే తామర పురుగులను చాలావరకు అక్కడే ఆపుతుంది. బాట పక్కన వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం రెండో పని. విషం వాడకుండా, అప్పు లేకుండా, ఊరి ఉమ్మడి శత్రువును అడ్డుకునే ఇంత చవకైన ఉపాయాన్ని దుకాణంవాళ్ళు అటకమీద మూల పెట్టి, ముందు వరుసలో కషాయాల డబ్బాలు పేర్చడం నాకు మింగుడుపడని విషయం.

కొనుగోలు పద్ధతి గురించి చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. ఈ దుకాణంలో ఉద్దర లేదు, నగదు గాని ఫోన్‌పే గాని. బస్టాండు ఎదురుగా ఉన్న దుకాణాల్లో మాత్రం పేరు రాసుకుని పంట చేతికొచ్చే దాకా ఆగుతారు. అందుకే వీళ్ళ సరుకు మంచిదని ఒప్పుకునే రైతులు కూడా జూలైలో కాళ్ళు అటే తిప్పుతారు. ఆ ఉద్దర ఉచితం కాదు. బస్తాకు, లీటరుకు ధర ఎక్కువ వేస్తారు, పేరు రాసిన పుస్తకం చూపి అవసరం లేని మందులూ అంటగడతారు, చాలాచోట్ల పంట కూడా వాళ్ళకే అమ్మాలి. ఏ పురుగు పట్టిందో చూడకుండా మూడు రకాల మందులు కలిపి కొట్టించే పద్ధతి అలా వచ్చిందే. మహిళా సంఘం ఉద్దర ఇవ్వకపోవడం నాకు మొదట లోపంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, వెయ్యి రూపాయల సరుకుకు ఉద్దర అవసరం పడకపోవడమే ఆ సరుకు గొప్పతనం. అయినా ఘనజీవామృతం లాంటి బరువైన సరుకుకు సంఘంలోని పొదుపు నుంచి రెండు నెలల వాయిదా ఇచ్చే ఏర్పాటు చేస్తే ఆ జూలై ప్రవాహంలో కొందరైనా ఇటు మళ్ళుతారు.

దుకాణంలో గోడ మీద ఉన్న బోర్డులో ఈ సరుకు వాడితే పంట నష్టమే ఉండదని రాసి ఉంది. దాన్ని చెరిపేయాలి. నష్టం తగ్గించే సరుకు వేరు, నష్టాన్ని పూడ్చే ఏర్పాటు వేరు. రెండోది బీమా. మన తెలుగు నేల మీదే, 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వాన లెక్కను బట్టి పరిహారం ఇచ్చే బీమాను దేశంలో మొదటిసారి పరీక్షించారు. పంట పోయిందో లేదో చేను చేనుకూ తిరిగి చూడనక్కరలేకుండా, వర్షమానినిలో నమోదైన లెక్కను బట్టి చెల్లించడం దాని సౌలభ్యం. వర్షమానిని ఉన్న చోట వాన పడి, మన చేలో పడకపోతే పైసా రాకపోవడం దాని లోపం. ఆ లోపం ఈనాటికీ అలాగే ఉంది. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలోనూ, దానికి తోడుగా ఉన్న వాతావరణ ఆధారిత బీమాలోనూ ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. కొన్నేళ్ళు మన రాష్ట్రంలో రైతు వాటాను ప్రభుత్వమే కట్టింది కనుక గడువు తేదీలు గుర్తుపెట్టుకునే అలవాటు మాకు పోయింది. ఇప్పుడు మళ్ళీ మనమే కట్టుకోవాలి. ఫసల్ బీమా వర్తించే పంటకు వడగళ్ళు, చేను మునగడం లాంటి స్థానిక విపత్తు వస్తే 72 గంటల లోపు తెలియజేయాలన్న నిబంధన కూడా చాలామందికి తెలియదు.

ఇక్కడే నవధాన్యాల రైతుకు ఒక చిక్కు ఉంది. పంట నమోదు చేసేటప్పుడు పద్దెనిమిది రకాలున్న చేను ఏ పంట కిందికి వస్తుందని సిబ్బంది అడుగుతారు. 2023లో నమోదుకు వచ్చిన వ్యక్తి నా ఎకరాను కంది అని రాసుకుపోయారు, వేరుశనగకు పరిహారం వచ్చినప్పుడు జాబితాలో నా పేరు లేదు. అప్పటి నుంచి నమోదు రోజున నేను పొలంలోనే ఉండి, ప్రధాన పంట వేరుశనగ, అంతర పంట కంది అని రాయించి, ఫోనులో ఫోటో తీసుకుంటున్నాను. సంచులు అమ్మేవారు ఈ ఒక్క ముక్క రైతుకు చెప్పి పంపితే, ఇంకో ఐదు కషాయాలు అమ్మిన దానికంటే ఎక్కువ మేలు చేసినవారవుతారు.

ఈ పద్ధతి మీద పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదన్న సంగతి కూడా కొనేవారు తెలుసుకోవాలి. రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ దీన్ని పెద్ద ఎత్తున నడుపుతోంది, 2024లో ఆంధ్రప్రదేశ్ సామాజిక ప్రకృతి సేద్య కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం మరో ఇద్దరితో కలిపి దక్కింది. మరోవైపు జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లోనే, ఈ పద్ధతికి అప్పట్లో వాడిన పేరైన జీరో బడ్జెట్ సేద్యం రుజువుకాని పద్ధతి అని అభ్యంతరం చెప్పింది. నా నాలుగెకరాలు ఆ వివాదాన్ని తీర్చలేవు. నీళ్ళున్న కోనసీమ వరి రైతుకు, తోటలో డ్రిప్పు ఉన్న చీనీ (బత్తాయి) రైతుకు నా లెక్కలు వర్తించవు కూడా. చీనీ తోటకు నవధాన్యాల కంటే డ్రిప్పు ఫిల్టర్లు శుభ్రంగా ఉంచుకోవడమే ముందుపని.

అమ్మకం సంగతి ఒక్క మాటలో చెబుతాను. మందులు కొట్టని వేరుశనగకు మార్కెట్ యార్డులో ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు. రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ గుర్తింపు కోసం మా బృందం పేర్లు ఇచ్చింది, సంఘం వాళ్ళు కాగితాల పనిలో సాయం చేశారు, అందుకు వాళ్ళకు పూర్తి మార్కులు వేస్తాను. ఎక్కువ ధర వస్తుందన్న ఆశతో మాత్రం ఎవరూ ఈ సరుకు కొనవద్దు, పెట్టుబడి తగ్గుతుందన్న లెక్కతో కొనండి.

ఒక్కోదానికి ఐదు మార్కులకు ఎన్ని వేస్తావంటే నవధాన్యాల సంచికి నాలుగు, గట్టు పంట ప్యాకెట్‌కు ఐదు, ఘనజీవామృతానికి మూడు, ద్రవరూప సరుకుకు ఒకటి, సలహాకు నాలుగున్నర వేస్తాను. దుకాణం ఉదయం తొమ్మిదికి తెరుస్తామని రాసినా పదిన్నర కంటే ముందు వెళ్ళి ప్రయోజనం లేదు, మంగళవారం సంత రోజు సాయంత్రం దాకా ఉంటారు. వచ్చే ఏప్రిల్ కోసం నేను నాలుగెకరాలకు సంచులు ముందే చెప్పి ఉంచాను. సంచి మీద తేదీ, మొలక శాతం రాసి ఇవ్వాలని, అనుము బదులు ఉలవ పెంచాలని, పెసర తగ్గించాలని అడిగాను. మా వంక పక్క పొలాలవాళ్ళు ఆరుగురు నాతో కలిసి వేయడానికి ఒప్పుకున్నారు. గొర్రెల కాపరికి జూలై దాకా వంక అవతలి బీడు వదిలిపెట్టడానికి, నవధాన్యాలు కోసిన తర్వాత మొదటి మేపు అతనికే ఇవ్వడానికి మాట్లాడుకున్నాం.